కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించాక రెండు నెలల తిప్పలు

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. హన్మకొండలో మా ఇంటి ముందుగదిలోనే కూర్చుని చేసుకుంటాను. ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు తెచ్చిస్తారు, నేను ఫొటోలు ఏరి, రంగులు సరిచేసి, 12/36 అంగుళాల షీట్లు పేర్చి కలర్ ల్యాబ్‌కి పంపుతాను. ఈమధ్య నాలుగు నిమిషాల హైలైట్స్ వీడియో కూడా నన్నే కట్ చేసిమ్మంటున్నారు. ఆ వీడియోల దగ్గరే పాత కంప్యూటర్ చేతులెత్తేసింది.

అది 2018లో కొన్నది. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కు, తెర మీది బొమ్మలు, వీడియోల పని చూసే 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోతుందని తెర మీద ఎప్పటినుంచో నోటీసు వస్తూనే ఉంది. ఇంకో ఏడాది పొడిగించుకునే దారి ఉందిగానీ, వీడియోల కోసం ఎలాగూ డబ్బు పెట్టాల్సిందే కదా, కార్తీకం ముహూర్తాలు మొదలయ్యేలోపు అన్నీ ఒకేసారి మార్పించేద్దామనుకున్నాను. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి విండోస్ 11 ఒప్పుకుంటుంది, మదర్‌బోర్డు, ప్రాసెసర్ అవే ఉంచుకోవచ్చని షాపతను చెప్పాడు. అందులో తేడా ఏమీ రాలేదు.

అక్టోబరు 18, శనివారం, దీపావళికి రెండ్రోజుల ముందు సీపీయూ ఆటోలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లాం. 8 జీబీ కొత్త గ్రాఫిక్స్ కార్డు రూ. 22,500. హార్డ్ డిస్కు కంటే వేగంగా నడిచే 500 జీబీ ఎస్ఎస్‌డీ రూ. 3,400. ఇంకో 8 జీబీ ర్యామ్ రూ. 2,600. "ఇయ్యాల్నే తీస్కోండి అక్కా, ర్యామ్ రేట్లు పెరుగుతున్నయ్" అన్నాడు. అమ్మేవాళ్లు ఎప్పుడూ అనే మాటే కదా అనుకున్నాను గానీ, డిసెంబరులో అదే ర్యామ్ రేటు చూస్తే అతను చెప్పింది నిజమేనని తేలింది. అన్నీ బిగించి, పాత డిస్కులోదంతా ఎస్ఎస్‌డీకి ఎక్కించి, విండోస్ 11 చేసినందుకు రూ. 1,200 తీసుకున్నాడు.

కార్డుల కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. రాస్తే అసలు సంగతి పక్కకుపోయి, ఏ కంపెనీ గొప్పదన్న పంచాయితీ మొదలవుతుంది. పాత కార్డు ఒక కంపెనీది, కొత్తది ఇంకో కంపెనీది, అంతవరకు తెలిస్తే చాలు. మొదటి గొడవకి మూలం అదే.

నా తెలుగు ఫాంట్లు, ఫొటోషాప్ ప్లగిన్లు, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న టెంప్లేట్లు ఎక్కడివక్కడ ఉండాలి కాబట్టి విండోస్ కొత్తగా వేయించలేదు, ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయించాను. దానికి డిస్కును జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చాలి, బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, విండోస్ 11 అడిగే భద్రతా సదుపాయం పీటీటీని ఆన్ చేయాలి. అవన్నీ షాపులోనే అయిపోయాయి. సాయంత్రం యూట్యూబ్‌లో ఒక పాట పెట్టి చూపించాడు. చక్కగా ఆడింది. పాట ఆడితే కార్డు బాగున్నట్టు కాదని తర్వాత తెలిసింది. వీడియో చూడటం కార్డుకి చెమట పట్టే పనే కాదు.

ఇంటికొచ్చి నెట్ పెట్టాక రాత్రంతా ఏవో అప్‌డేట్‌లు దిగాయి. పొద్దున ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీద ఐకాన్లన్నీ అరచేతులంత ఉన్నాయి. రిజల్యూషన్ 1024 బై 768 దగ్గర ఆగిపోయింది, మార్చబోతే ఆ గడే పనిచేయడం లేదు. డివైస్ మేనేజర్ తెరిస్తే కొత్త కార్డు పేరు ఉండాల్సిన చోట 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంది. కార్డుకీ విండోస్‌కీ మాట కలిపే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. సరైన డ్రైవర్ ఎక్కకపోతే తెర పూర్తిగా చీకటైపోకుండా విండోస్ వాడుకునే తాత్కాలిక డ్రైవర్ అది. అది కనబడిందంటే కార్డు పోయిందని కాదు, డ్రైవర్ కూర్చోలేదని. నాకది తెలియక గుండె జారింది. ఇరవై రెండు వేల కార్డు మరి.

షాపుకి ఫోన్ చేస్తే, "ఏం గాదక్కా, సైట్ల నుంచి డ్రైవర్ దించుకొని మల్లొక్కసారి ఎక్కియ్యండి" అన్నాడు. ఎక్కించాను. తెర మామూలు సైజుకొచ్చింది గానీ, కార్డుతో వచ్చే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ తెరవగానే, ఈ సాఫ్ట్‌వేర్‌కీ సిస్టమ్‌లో ఉన్న డ్రైవర్‌కీ పొంతన లేదన్న మెసేజ్ వచ్చి మూసుకుపోతోంది. రీస్టార్ట్ చేస్తే ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి మళ్లీ అరచేతి ఐకాన్లు. పండగ పూట దీపాలు పెట్టి వచ్చి దాని ముందు కూర్చున్నాను. మా ఆయన ఒకే మాట: "పాతదే మంచిగుండె."

మా తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడికి తీరిక దొరకడానికే వారం పట్టింది. అక్టోబరు 26, ఆదివారం వీడియో కాల్‌లో కూర్చున్నాం. వాడు చూసి చెప్పింది ఇది: సిస్టమ్‌లో మూడు డ్రైవర్లు పోట్లాడుకుంటున్నాయి. ఎస్ఎస్‌డీకి ఎక్కించినప్పుడు పాత కంపెనీ డ్రైవర్ కూడా అలాగే వచ్చేసింది. కార్డు తీసేసినంత మాత్రాన డ్రైవర్ పోదు. దాని మీద షాపతను కొత్తది వేశాడు. నెట్ పెట్టగానే విండోస్ తన పద్ధతి ప్రకారం తన దగ్గరున్న వెర్షన్ ఇంకొకటి తెచ్చుకుంది. దానికీ, కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కీ వెర్షన్ కలవడం లేదు.

అన్నీ ఊడ్చేయడానికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందరూ డీడీయూ అంటారు. దాన్ని సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ కనీస డ్రైవర్లతో మాత్రమే తెరుచుకునే పద్ధతిలో నడపాలి. ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని చిక్కులు కొన్ని ఉన్నాయి.

సేఫ్ మోడ్‌లోకి వెళ్లేముందు, డిస్కులోదంతా తాళం వేసి ఉంచే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడమన్నాడు తమ్ముడు. ఆన్‌లో ఉంటే, సేఫ్ మోడ్‌కి వెళ్లినా, బయాస్‌లో ఏదైనా కదిపినా నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ముందే ఫోన్‌లో తెరిచి కాగితం మీద రాసుకోవాలి. నాది పాతదాని మీద అప్‌గ్రేడ్ చేసింది కాబట్టి ఆఫ్‌లోనే ఉంది. విండోస్ 11 ఇప్పుడు కొత్తగా వేయించుకున్నవాళ్లకి మాత్రం తమకు తెలియకుండానే ఆన్ అయి ఉండే అవకాశం ఉంది.

రెండో చిక్కు నాకు ఎదురైనదే. షిఫ్ట్ నొక్కిపట్టుకుని రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా సేఫ్ మోడ్‌లోకి వెళ్తే, రోజూ కొట్టే నాలుగంకెల పిన్ అక్కడ పనిచేయలేదు. అసలు పాస్‌వర్డ్ కావాలట. ఆ అకౌంట్ షాపు అబ్బాయి నా మెయిల్‌తో చేసిచ్చాడు, పాస్‌వర్డ్ ఏం పెట్టాడో అతనికీ గుర్తులేదు, నాకూ చెప్పలేదు. మళ్లీ మామూలుగా రీస్టార్ట్ చేసి, ఫోన్‌లో ఓటీపీతో పాస్‌వర్డ్ మార్చి, దాంతో ఒకసారి లాగిన్ అయి చూసుకుని, అప్పుడు వెళ్లాను. అదృష్టం ఏమిటంటే షిఫ్ట్ దారిలో వెళ్లాం. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి వెళ్లి ఉంటే, ఆ టిక్ తీసేదాకా ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే తెరుచుకునేది, లోపలికి పోవడానికి పాస్‌వర్డ్ ఉండేది కాదు.

మిగతాది తేలిక. కొత్త డ్రైవర్ ఫైల్ ముందే దించి డీ డ్రైవ్‌లో పెట్టుకున్నాం. నెట్ కేబుల్ పీకేశాం, లేకపోతే మనం ఊడ్చేలోపే విండోస్ మళ్లీ ఒకటి తెచ్చుకుంటుంది. డీడీయూలో ముందు పాత కంపెనీ, తర్వాత కొత్త కంపెనీ డ్రైవర్లు తీసేసి, మామూలుగా ఆన్ చేసి, దించిపెట్టిన ఫైల్ నడిపాం. ఎక్కుతున్నప్పుడు తెర కొన్ని క్షణాలు నల్లబడి మళ్లీ వస్తుంది, అప్పుడు కంగారుపడి బటన్ నొక్కకూడదు. ఇంకో సంగతి: షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ కొంత భాగం డిస్కులో దాచుకుని పొద్దున దాన్నే లేపుతుంది. డ్రైవర్ మార్చాక రీస్టార్టే కొట్టాలి.

ఆ రాత్రి కంట్రోల్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, రిజల్యూషన్ నిలబడింది. అయిపోయిందనుకుని తమ్ముడికి వీడియో కాల్‌లోనే మిఠాయి డబ్బా చూపించాను.

నవంబరు మొదటి వారంలో కార్తీకం పెళ్లిళ్ల ఫొటోలు రావడం మొదలైంది. ఆల్బమ్ పేర్చడం హాయిగా సాగింది. పౌర్ణమి మర్నాడు, అంటే 6వ తేదీ సాయంత్రం, మొదటి హైలైట్స్ వీడియో ఎక్స్‌పోర్ట్‌కి, అంటే కట్ చేసినదంతా ఒకే ఫైల్‌గా తయారవడానికి పెట్టి వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి వీడియోలు కట్ చేసే సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ లేదు. డెస్క్‌టాప్ మాత్రం నవ్వుతూ ఉంది. మళ్లీ పెట్టి ఈసారి ఎదురుగా కూర్చున్నా. ముప్పై శాతం దాటాక తెర రెప్పపాటు నల్లబడింది, వెలిగింది, ప్రీమియర్ మాయం. డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి మళ్లీ కోలుకుంది అన్నది, జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో మిగిలిన ఆనవాలు. సంఖ్య 4101.

డ్రైవర్ అని రాసి ఉంది కదా, మళ్లీ డ్రైవర్ వెంటే పడ్డాం. ఆ తర్వాతి రెండు వారాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డీడీయూ, కొత్త వెర్షన్. డీడీయూ, అంతకుముందు వెర్షన్. డీడీయూ, అంతకంటే పాత వెర్షన్. ఒక్కో విడతకి గంట పోతుంది, ఎందుకంటే మార్చాక నిలబడిందో లేదో తెలియాలంటే ఒక ఎక్స్‌పోర్ట్ పూర్తయ్యేదాకా కూర్చోవాలి. ఒక్కోసారి పూర్తవుతుంది కూడా. అదే ఎక్కువ బాధ. ప్రతిసారీ ఆగిపోతే ఏదో ఒకటి తేల్చుకోవచ్చు. మూడు వీడియోలు నిక్షేపంగా వచ్చి నాలుగోది పోతే, ఏ మార్పు పనిచేసినట్టు?

నెట్‌లో చదివి తమ్ముడు ఇంకో ప్రయోగం చేయించాడు. కార్డుకి పని ఇచ్చాక రెండు సెకన్లలోగా జవాబు రాకపోతే విండోస్ డ్రైవర్‌ని పడేసి మళ్లీ లేపుతుంది. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అని ఒక అంకె రాసి ఆ గడువు పెంచొచ్చు. 8 సెకన్లు పెట్టాం. ఫలితం: ఇంతకుముందు రెండు సెకన్లు బిగుసుకుని ఆగిపోయేది ఇప్పుడు ఎనిమిది సెకన్లు బిగుసుకుని ఆగిపోయింది. ఆ అంకె తీసేశాం.

వేడి వల్లనేమోనని హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ఎక్స్‌పోర్ట్ సాగినంతసేపూ సెన్సర్ల అంకెలన్నీ ఫైల్‌లోకి రాయించాం. కార్డు వేడి 70 డిగ్రీలు దాటలేదు. వేడి కాదని తేలి ఆ ఫైల్ మూసేశాం. అందులో ఇంకో గడి ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈలోగా నేను ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను: తేదీ, టైము, అప్పుడు ఏం నడుస్తోంది. రాస్తూ పోతే తెలిసిందేమిటంటే, షీట్లు పేర్చేటప్పుడు ఎన్ని గంటలైనా ఏమీ కాదు. వీడియో ఎక్స్‌పోర్ట్‌లో, రాత్రి రిసెప్షన్ ఫొటోలకి లైట్‌రూమ్‌లో డీనాయిస్ (చీకట్లో తీసిన ఫొటోల్లో వచ్చే చుక్కలు తీసేయడం) కొట్టినప్పుడు మాత్రమే పడిపోతోంది. రెండూ కార్డు పూర్తి బలంతో పనిచేసే సందర్భాలే.

నవంబరు 15 రాత్రి తెర నల్లబడి తిరిగి రాలేదు. కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమన్నాయి. నిమిషం ఆగి చూశాను, కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయింది. పక్కన తెరిచి ఉన్న ఆల్బమ్ ఫైల్ పాడైపోయింది, తలంబ్రాల షీట్ మొత్తం మళ్లీ పేర్చాల్సి వచ్చింది. ఈసారి ఈవెంట్ వ్యూయర్‌లో 4101 లేదు. కెర్నల్ పవర్ 41 అని ఉంది. సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ అవకుండానే రీస్టార్ట్ అయిందని దాని అర్థం. అప్పటికి దాన్ని కూడా డ్రైవర్ ఖాతాలోనే వేశాం. పెళ్లికూతురు వాళ్ల నాన్న రోజూ ఫోన్: "అమ్మా, ఆల్బమ్ ఎంతదాకా వచ్చింది?" సగం అయ్యిందనేదాన్ని. ఆ రోజుల్లో ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కాలంటేనే చెయ్యి వణికేది, ప్రతి ఐదు నిమిషాలకీ సేవ్ కొట్టడం అలవాటైపోయింది.

ఇక కార్డే పోయిందని తీర్మానించుకున్నాం. అది తీసేసి, మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐలో పెట్టాం. ఇంటెల్ ప్రాసెసర్‌లో చిన్న గ్రాఫిక్స్ ఎలాగూ ఉంది. ఎక్స్‌పోర్ట్‌కి మూడింతల టైము పట్టింది గానీ ఒక్కసారి కూడా ఆగలేదు. కార్డు లేకపోతే బాగుంది, ఉంటే పడిపోతోంది, కాబట్టి కార్డుదే తప్పు. లెక్క ఎంత సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుందో చూడండి. కార్డు తీసేస్తే కార్డు ఒక్కటే పోదు, అది లాగే కరెంటు కూడా పోతుంది.

కార్డు తీసేముందు వైర్లు ఎక్కడివక్కడ ఫోన్‌తో ఫొటోలు తీశాను, మళ్లీ పెట్టేటప్పుడు తికమక పడకూడదని. ఆ ఫొటోలే చివరికి పనికొచ్చాయి.

నవంబరు 24, సోమవారం. షాపతను "సికింద్రాబాద్ల సర్వీస్ సెంటరుంటది, మీరే పోతె జల్ది అయితది" అన్నాడు. మా దగ్గర్నుంచి పంపితే ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేనన్నాడు. కార్డును దాని కవర్లో, పెట్టెలో పెట్టి, బిల్లు, దాని జిరాక్స్ తీసుకుని ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. మహాలక్ష్మి పుణ్యమా అని ఆధార్ చూపిస్తే జీరో టికెట్, దారి ఖర్చంటూ ఉప్పల్ నుంచి ఆటోకే. జీఎస్టీ బిల్లు ఒరిజినల్, కార్డు వెనక సీరియల్ నంబర్ స్టిక్కర్, ఈ రెండే అడిగారు. స్టిక్కర్ చిరిగితే తీసుకోరట. పిన్నులు, స్క్రూలు, ఎక్కడైనా కాలిన గుర్తులున్నాయా అని అద్దం పెట్టి చూసి, జాబ్ షీట్ ఇచ్చి, వారం పది రోజులన్నారు. అక్కడ వరసలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఆటలాడే పిల్లలు. పెళ్లి ఆల్బమ్‌ల కోసం వచ్చానంటే ఒకబ్బాయి నవ్వి, తన అక్క ఆల్బమ్ ఏడాదైనా ఇంకా రాలేదన్నాడు.

నవంబరు 26తో శుక్ర మౌఢ్యం మొదలైంది. మూఢం వస్తే నా ఆదాయం పడిపోతుందని ఏటా తిట్టుకునేదాన్ని, ఈసారి మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. ఫిబ్రవరి నడిమి దాకా కొత్త పెళ్లిళ్లు లేవు, ఉన్నవి పూర్తిచేసుకుంటే చాలు.

డిసెంబరు 3న మెసేజ్, 4న వెళ్లాను. కార్డులో లోపం లేదు. వాళ్ల సిస్టమ్‌లో గంటల తరబడి పూర్తి లోడ్ మీద నడిపారట, ఒక్కసారీ పడలేదట. జాబ్ షీట్ మీద అదే రాసి కార్డు చేతిలో పెట్టారు. ఏడుపొక్కటే తక్కువ. పోయిందంటే కొత్తదిస్తారు, బాగుందంటే నేను ఎక్కడికి పోను?

కౌంటర్ వెనక టెక్నీషియన్ అడిగాడు: "ఏ ఎస్ఎంపీఎస్ మేడమ్?" కంప్యూటర్‌లో అన్నిటికీ కరెంటు పంచే డబ్బా పేరది. తెలియదన్నాను. ఫోన్‌లో ఫొటోలు గుర్తొచ్చి చూపించాను. ఒక ఫొటో పెద్దది చేసి, కార్డుకి పెట్టిన వైరు మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరు పెట్టారు?"

కార్డుకి ఎనిమిది పిన్నుల కరెంటు వైరు కావాలి. నా పాత ఎస్ఎంపీఎస్‌లో అది లేనే లేదు. పాత కార్డు స్లాట్ నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచేది, దానికి విడిగా వైరు అక్కర్లేదు. కొత్తది దాదాపు 130 వాట్లు లాగుతుంది. షాపతను హార్డ్ డిస్కులకీ, పాత డీవీడీ డ్రైవ్‌లకీ పెట్టే నాలుగు పిన్నుల మోలెక్స్ వైర్లు రెండింటిని ఒక అడాప్టర్‌తో కలిపి ఎనిమిది పిన్నులుగా చేసి తగిలించాడు. ఆ రెండు మోలెక్స్‌లూ ఒకే తీగ మీద వేలాడుతున్నవే. కార్డు గట్టిగా పనిచేసినప్పుడల్లా ఆ సన్నటి తీగ మీద ఓల్టేజీ పడిపోతోంది, కార్డు జవాబివ్వడం మానేస్తోంది, విండోస్ డ్రైవర్ ఆగిపోయిందని రాస్తోంది. దొంగ దొంగ అని అరిచినవాణ్ణే పట్టుకుని రెండు వారాలు కొట్టాం మేము.

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను. నవంబరులో రాయించిన హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ఫైల్ వాడి దగ్గర ఉంది, తెరిచాడు. 12 ఓల్టుల గడి. మామూలుగా 11.9, ఎక్స్‌పోర్ట్ నడుస్తున్నప్పుడు 11.2. ఐదు శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 11.4 కంటే కిందకి పోకూడదు. సాఫ్ట్‌వేర్ చూపే అంకె పక్కాగా ఉండదుగానీ, పడటం మాత్రం కళ్లకు కట్టినట్టుంది. కొంచెంసేపు వాడేమీ మాట్లాడలేదు. తర్వాత "అక్కా, వచ్చేటప్పుడు ఎస్ఎంపీఎస్ తెచ్చుకో" అన్నాడు.

అక్కణ్ణుంచి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. కంప్యూటర్ సామాను కోసం అందరూ సీటీసీ అని పిలిచే చోటు. 650 వాట్లు, బ్రాంజ్ రేటింగ్, ఎనిమిది పిన్నుల కార్డు వైర్లు విడిగా రెండు ఉన్నది, రూ. 4,900. పక్క షాపులో అదే వాటేజీ అని రాసి ఉన్నది రూ. 1,800కే ఉంది. ఎత్తి చూస్తే సగం బరువు కూడా లేదు. డబ్బా మీద వాట్లు ఎవరైనా రాసుకోవచ్చు. ఒళ్లో కార్డు, కాళ్ల దగ్గర ఎస్ఎంపీఎస్ పెట్టుకుని రాత్రికి ఇల్లు చేరాను.

మర్నాడు తమ్ముడు వీడియో కాల్‌లో చెప్తుంటే నేనే బిగించాను. షాపుకి ఇవ్వబుద్ధి కాలేదు. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ ఊడదీయడానికే అరగంట పట్టింది, పక్కనున్న చిన్న నొక్కుడు పట్టీ నొక్కిపెట్టి లాగాలి, గోరు విరిగింది. ప్రాసెసర్‌కి వెళ్లే ఎనిమిది పిన్నులూ, కార్డుకి వెళ్లే ఎనిమిది పిన్నులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. విడిపోయే తీరు చూసి గుర్తుపట్టాలి: ప్రాసెసర్‌ది నాలుగూ నాలుగు, కార్డుది ఆరూ రెండు. పాత మోలెక్స్ అడాప్టర్ తీసి చూస్తే ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి ఉంది. దాన్ని చూశాక చాలాసేపు పని మీద మనసు నిలవలేదు. ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి వంటింట్లోకి వెళ్లేదాన్ని కదా.

డ్రైవర్ ముట్టుకోలేదు. నవంబరులో పడిపోతూ ఉన్న అదే వెర్షన్‌తో ఆన్ చేశాను. ఉన్న వీడియోలన్నీ వరసగా ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి పడుకున్నాను. పొద్దునకి అన్నీ ఉన్నాయి. 12 ఓల్టుల గడి 12.0 దగ్గరే ఉంది, 11.9కి తగ్గింది, అంతే.

షాపతనికి అడాప్టర్ తీసుకెళ్లి చూపించాను. ముందు "మీరే కదా అక్కా, పాత ఎస్ఎంపీఎస్‌తోనే నడిపియ్యమన్నరు" అన్నాడు. నేను ఆ మాట అనలేదు, అసలు ఆ ప్రస్తావనే రాలేదు. కాలిన పిన్ను చూశాక గొంతు తగ్గించి, అడాప్టర్ డబ్బు, బిగింపు కూలిలో రూ. 500 తిరిగిచ్చాడు. గొడవ పెంచుకోలేదు. ఊళ్లో అన్ని షాపుల్లోనూ ఇదే పద్ధతట, చాలావాటికి నడిచిపోతుందట కూడా.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను గానీ, డిసెంబరు 12న ల్యాబ్ నుంచి మొదటి ఆల్బమ్ వచ్చింది. పేజీలన్నీ ముదురుగా ఉన్నాయి. పెళ్లికూతురి జడలో పూలు తప్ప జుట్టు ఒక నల్లటి ముద్ద, మెరూన్ పట్టుచీర ఎండిపోయిన రక్తం రంగు. ల్యాబ్ వాళ్లు మా మెషీన్ సరిగానే ఉంది, ఫైలే ముదురుగా ఉందన్నారు. ఫైల్ ఫోన్‌లోకి పంపుకుని చూస్తే వాళ్లు చెప్పిందే నిజం.

విషయం ఇదీ. కొత్త కార్డు డ్రైవర్ హెచ్‌డీఎంఐ కేబుల్ మీద నా మానిటర్‌ని టీవీ అనుకుని, లిమిటెడ్ ఆర్‌జీబీలో రంగులు పంపుతోంది. అందులో నలుపు 0 దగ్గర కాక 16 దగ్గర, తెలుపు 255 దగ్గర కాక 235 దగ్గర ఉంటాయి. మానిటర్ వాటిని మామూలు అంకెలే అనుకుని చూపిస్తే నలుపు బూడిదరంగులోకి వెళ్లి బొమ్మంతా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. అక్టోబరు నుంచీ మానిటర్ ముసలిదైపోయిందనుకుంటూ, ఫొటోలు వెలిసినట్టున్నాయని ప్రతిదానికీ నలుపు పెంచుకుంటూ పోయాను. నా కార్డు కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద పిక్సెల్ ఫార్మాట్ అని ఉంటుంది, అక్కడ ఫుల్ ఆర్‌జీబీ పెట్టగానే తెర మీద పొర తీసేసినట్టయింది. డీడీయూతో ఊడ్చిన ప్రతిసారీ ఈ సెట్టింగ్ కూడా పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. రంగుల పని చేసేవాళ్లు దీన్ని రిజల్యూషన్ కంటే ముందు చూసుకోండి.

మొత్తం ఆల్బమ్ తిరిగి వేయించలేదు. మరీ ముదురుగా వచ్చిన ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతల షీట్లు మాత్రం సరిచేసి నా ఖర్చుతో వేయించాను, కొత్త బైండింగ్‌తో కలిపి రూ. 1,700. పెళ్లికూతురు వాళ్ల నాన్నకి ఆలస్యానికి కారణం చెప్పబోతే, "కంప్యూటర్ల సంగతి మాకెందుకమ్మా, బిడ్డ నవ్వుతున్న ఫొటో పెద్దగా వెయ్యలేదేం?" అని అడిగారు. ఆ ఫొటో ఒకటి విడిగా 12/18 వేసి ఇచ్చాను.

జనవరి మొదటి వారంలో కొత్త డ్రైవర్ వచ్చిందని గంట మోగింది. ముహూర్తాలున్న రోజుల్లో అయితే దాని జోలికి పోను. మూఢమే కాబట్టి, నడుస్తున్న వెర్షన్ ఫైల్ డీ డ్రైవ్‌లో దాచి, పాస్‌వర్డ్ పనిచేస్తోందని చూసుకుని వేశాను. మూఢంలో మంచి పనులు మొదలుపెట్టకూడదని మా అత్తమ్మ అంటే, ఇది మంచి పనో కాదో ఇంకా తెలియదన్నాను. ఫుల్ ఆర్‌జీబీ మాత్రం మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది.